మన పెండ్లివిందుల చరిత్రము

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను లోటు లేదని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మనము నవ్వుచు వాడుకొనుచుందుము గాని, యిందులో మన సంఘచరిత్రమంతయు నిమిడియున్నదని తలపోయము. బంతికి మొదలును కడయు నున్నవి. వడ్డించువానికి తనవారును పెరవారును గలరు. తనవాడు కానివాడు కడబంతిని కూర్చున్నచో వానికి మిగులునది విస్తరి మాత్రమే. అన్నము దేవుడని చెప్పుకొను దేశమున నిట్టి సామెత యేల పుట్టవలసివచ్చెనో విచారించుట గృహస్థులమైన మనకు విధి.

గడచిన మాఘమాసమున మేమొక బంధువులయింట వివాహమునకు బోయితిమి. మండపము పగలువలె వెలుగుచుండెను. బల్లలమీద బారులుతీర్చిన వంటకములను మాతో వచ్చిన బాలుడొకడు లెక్కించి యేబదిరెండని చెప్పెను. మా మేనత్తగారు మధుమేహముగలవారు, ఎనుబదియేండ్లు దాటినవారు. ఆమె పళ్లెము చేతబట్టుకొని యా బారు మొదటినుండి కడవరకును నడచి, తాను తినదగినది కానరాక, తుదకు మజ్జిగ యడిగిరి. చక్కెర కలిపిన లస్సి యున్నదిగాని మజ్జిగ లేదని వడ్డించువాడు చెప్పెను. మఱియొక తల్లి తన కుమారునికి వేరుసెనగలు పడవనియు, ఆ కూర పులుసులో నేమి నూరి కలిపిరో చెప్పుమనియు నడిగెను. వాడు వంటవానినడుగవలెననెను, వంటవాడు గుత్తదారునడుగవలెననెను, గుత్తదారు కానరాలేదు. ఆ బాలుడు పెరుగన్నము తిని లేచెను. రాత్రి పండ్రెండుగంటలకు మిగిలిన పదార్థములను గంగాళములతో తెచ్చి ప్రహరి వెనుక గుమ్మరించుటయు, పాత్రలు తోముటకు వచ్చిన స్త్రీలు గోడవార నిలుచుండి చల్లారిన పులిహోర తినుటయు మేము కన్నులార చూచితిమి. పెండ్లికూతురి తండ్రి యీ విందునకై తన రెండెకరముల మాగాణి తాకట్టుపెట్టెనని మరునాడు తెలిసినది.

ఏబదిరెండు వంటకములలో నొక వృద్ధురాలికి ముద్దయన్నము దొరకకుండుట ఎట్లు సంభవించెను? ఇది యెవరో యొక గుత్తదారు దోషమని తీర్మానించి యూరకుండుట సులభము. కాని మనము పిలిచిన యతిథి యేమి తినగలడని యడుగుట మానివేసి, మన వైభవము నాతడెంత చూచునని లెక్కించుట మొదలుపెట్టిన నాటినుండి యీ దోషము మనదే. పూర్వము మనవారెట్లుండిరి? వారిలో మంచి యెంత, చెడ్డ యెంత? ఈ రెండును తెలిసికొన్నగాని నేడు చేయవలసినది తెలియదు.

మంచినే ముందు చెప్పుదము. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన ప్రభువు. ఆయన రచించిన ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకు నిత్యమును భోజనము పెట్టుచుండును. ఆ వర్ణనలో వంటకముల సంఖ్యకంటె ఋతువునెరిగి పెట్టుటకే ప్రాముఖ్యము కలదు. వానకాలమున కట్టెలు తడిసి పొగయెత్తును గనుక, ఎండిన కొబ్బరిని వంటచెరకుగా మండించి, పప్పును, వేపుడుకూరలును, వడియములును, పెరుగును పెట్టును. వేసవిలో నన్నము గోరువెచ్చగా నుండును. తియ్యనిచారు, మజ్జిగపులుసు, పలుచని యంబలి, చెరకురసము, లేతకొబ్బరినీరు, నీరుమజ్జిగ వచ్చును. చలికాలమున మిరియపుకారము తగిలిన కూరలు, ఆవఘాటుగల పచ్చళ్లు, వేడినేయి, కాగిన పాలు వచ్చును. తినువాని శరీరమున కేది యెప్పుడు హితమో యెరిగి వండుటయే యాతిథ్యమని యా రాజకవి గ్రహించెను. విజయనగర సింహాసనమున గూర్చున్నవానికి వైభవమనగా నేమో తెలియక యట్లు వ్రాసెనని యెవరనగలరు?

అంతకుముందే యోరుగల్లు పట్టణమున పూటకూళ్లయిండ్లుండెనని క్రీడాభిరామము వలన తెలియుచున్నది. ఒక్క రూకకు సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు లభించెడివట. బాటసారికి కడుపునిండ దొరకిన యీ భోజనము నేటి పెండ్లివిందులో పదియవవంతైనను లేదు. అయినను దానిలో లోటేమియు మనకు తోపదు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కూర్పించిన మానసోల్లాసములో అన్నభోగమను ప్రకరణమే యొకటి కలదు. మన ఇడ్డెనలకును వడలకును పూర్వరూపములైన పేరులందు కనిపించును. వాగ్భటుని అష్టాంగహృదయమైతే కడుపును నాలుగుపాళ్లుచేసి, రెండు పాళ్లన్నమునకును, ఒకపాలు ద్రవమునకును, ఒకపాలు వాయువునకును విడువుమని యుపదేశించినది. మన విందుగుత్తదారు లా నాలుగవపాలును మిఠాయితో నింపి పంపుచున్నారు.

సంప్రదాయము సంప్రదాయమని ఘోషించువారికి నింకొక సంగతి చెప్పవలసియున్నది. కృష్ణరాయలనాటి వంటకు కారమిచ్చినవి మిరియములు, ఆవాలు, అల్లము. ఎండుమిరపకాయ యమెరికాఖండమున పుట్టినది. వాస్కోడగామా 1498లో కళ్లికోటకు వచ్చిన పిమ్మట పోర్చుగీసువారి యోడలమీద నది మన తీరములకు చేరెను. నేడు మిరప లేని గుంటూరును, గుంటూరు లేని మిరపను మనమూహింపలేము. ఉరులగడ్డయు, తక్కాలియు, వేరుసెనగయు నా ఖండమునుండి వచ్చినవే. మన తాతముత్తాతల పంక్తిలో వీనికి చోటు లేకుండెను. వచ్చినవి, రుచించినవి, నిలిచినవి. కూరగాయలకు చోటిచ్చిన పంక్తి మనుష్యులకు మాత్ర మేల చోటీయరాదని సంస్కర్తలడిగినప్పుడు పెద్దలకు కోపము వచ్చెను.

పంక్తిభోజనమునకు తనదైన సొగసు కలదని మేమొప్పుకొనుచున్నాము. అరటియాకు కొన యెడమవైపునకు వచ్చునట్లు పరచి, నీళ్లు చల్లి తుడిచి, ముందు తీపి, పిదప పప్పును నేయియు, కూర, పచ్చడి, పులుసు, చారు, తుదకు పెరుగు అను క్రమమున వచ్చు భోజనము కడుపున కనుకూలమైనది. వడ్డించువాడు ప్రతి విస్తరియొద్దను నిలిచి వేయునుగాన, వలదన్నది వేయడు, కావలసినది మఱల తెచ్చును. మా చిన్ననాట యెసరు కూడ బంతిబంతికిని వేఱుగా పెట్టెడివారు. మొదటి బంతిలో నెన్ని కుంచముల బియ్యపుటన్నము చెల్లినదో చూచి, గాడిపొయ్యిమీద రెండవబంతికి యెసరుంచుట వాడుక. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము అను లెక్క వంటవారి నోటిమీద నుండెడిది. అన్నము పారబోయుట పాపమను భయమును, ధాన్యము పండించు చేతులు తమవే యను నెరుకయు నా లెక్కకు మూలము.

ఇంతవరకు మంచి. ఇక నా పంక్తిలో నెవరు కూర్చుండిరి? పూర్వము పెండ్లి యైదుదినములు సాగెడిది. మగపెండ్లివారు మొదటిబంతి, వారిలోను వియ్యంకుని బంధువులు ముందు. నేయి చాలలేదని యొకపూట, బూరెలు చల్లారినవని యొకపూట, వియ్యపురాలికి విస్తరి చిన్నదివేసిరని యొకపూట యలుకలు జరుగుచుండెను. ఆడుపెండ్లివారు వారిని బ్రతిమాలి కూర్చుండబెట్టవలెను. పురుషులు తిని లేచినపిదప స్త్రీలు. స్త్రీలలో పునిస్త్రీలు ముందు. తెల్లవారుజామునుండి పొయ్యియొద్ద నిలిచి వండిన వితంతువులైన పెద్దమ్మలు, పిన్నమ్మలు మంగళకార్యమున నెదురుపడరాదని వంటయింటనే నుండిపోయెడివారు. ఊరిచివర వాడలవారు దొడ్డివాకిట కూర్చుండి పంక్తులన్నియు లేచువరకు వేచియుండెడివారు. ఒక యూరిలో నెవరి విలువ యెంతయో తెలియుటకు శాసనములు వెదుకనక్కరలేదు; పెండ్లినాడు బంతుల వరుస చూచిన చాలును.

ఈ వరుసను చెరిపివేయుటకు మనలో పూర్వమే యత్నము జరుగలేదా? జరిగినది. పండ్రెండవ శతాబ్దమున పలనాట మాచెర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు నడిపెను. ఒకే చాపమీద నన్నికులములవారును కలిసి కూర్చుండి భుజించుటయే చాపకూడు. మాలకన్నమదాసు నాయన కుమారునివలె నాదరించి సేనాపతిని చేసెనని వీరచరిత్రము చెప్పుచున్నది. పలనాటి యుద్ధమున కనేకకారణములు చెప్పుదురు. కోడిపందెము ప్రసిద్ధము, దాయాదిపోరు స్పష్టము. కాని యీ చాపయు నా కలహమున కొక కారణమని తలచువారు కలరు. నేటికిని కార్తీకమాసమున కారంపూడిలో జరుగు వీరులయుత్సవములలో చాపకూడు కలదు. ఎనిమిదివందలయేండ్లకు పైగా నొక యూరివారొక భోజనమును జ్ఞాపకముంచుకొనుట సామాన్యవిషయము కాదు. అయినను తక్కిన మూడువందలయరువది దినములలో నా యూళ్లలోనే పంక్తులు మఱల విడిపోయెను. సంవత్సరమున కొక్కనాటి సమత్వము ఉత్సవమగును, ఆచారము కాజాలదు.

పెండ్లివిందుతోనే సంఘము శిక్షించుననియు, ఆ విందుతోనే సంఘమును జయింపవచ్చుననియు తెలుగువారికి తెలిపినది రాజమహేంద్రవరము. వితంతువుల పునర్వివాహము చట్టసమ్మతమని 1856లోనే శాసనమైనది. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఈశ్వరచంద్ర విద్యాసాగరుని యత్నమున కలకత్తాలో మొదటి వివాహము జరిగెను. తెలుగుదేశమున నా శాసనము పుస్తకములలో నిద్రించుచుండగా, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1879లో బహిరంగసభలో స్త్రీ పునర్వివాహమునుగూర్చి యుపన్యసించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, కృష్ణామండలమునుండి వచ్చిన బాలవితంతువగు గౌరమ్మగారికిని మొదటి వివాహము జరిగినది. వధువునకు పండ్రెండేండ్లు. నాలుగుదినములలో రెండవ వివాహమును జరిగెను.

పెండ్లికి వరుడును వధువును దొరకిరి, ధనము దొరకెను, రక్షకభటుల కాపును దొరకెను. దొరకనిది వంటవాడు. వెలివేయుదురను భయమున వంటబ్రాహ్మణులు రామనిరి, నీళ్లుమోయువారు రామనిరి, బంధువులు తలుపులు మూసికొనిరి. అప్పుడు పంతులుగారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనబెట్టుకొని గోదావరికి నడచి నీళ్లు తెచ్చి, తామే పొయ్యి రాజవేసి వండిరి. పాఠశాలావిద్యార్థులు వచ్చి కార్యములకు తోడ్పడిరి. మన చరిత్రపుస్తకములలో నీ ఘట్టమును చదువునపుడు పంతులుగారి ధైర్యమును కొనియాడి ముందునకు సాగిపోవుచుందుము. ఆ దినమున రాజ్యలక్ష్మమ్మగారి పొయ్యి వెలుగనిచో, వచ్చిన పదుగురును పస్తు లేచిపోయినచో, ఆ వివాహము వివాహముగా నెవరు పరిగణించియుందురు? మంగళసూత్రముతో పెండ్లి యగును; పదుగురు కలిసి తినుటతో నది సంఘమున కెక్కును.

ప్రతిపక్షులకును నీ సంగతి బాగుగ తెలియును. అందుచేతనే వారు, వివాహమును చూచినవారికంటె విందు తినినవారిని వెదకివెదకి పట్టుకొనిరి. పీఠాధిపతులనుండి బహిష్కారపత్రికలు వచ్చెను. వెలియనగా నేమో యీకాలపువారికి తెలియకపోవచ్చును. వెలివేయబడినవాని యింటికి పురోహితుడు రాడు, మంగలి రాడు, చాకలి రాడు. వాని కూతురినెవరును కోడలిగా చేసికొనరు. తండ్రి తద్దినమునకు భోక్తలు దొరకరు. ఈ బాధలకు తాళలేక, పంతులుగారి పంక్తిని కూర్చున్న మిత్రులలో కొందరు ప్రాయశ్చిత్తములు చేయించుకొని మఱల కులములో కలిసిరి. వారిని నిందించుట మాకిష్టము లేదు. ఒక పూటభోజనమునకై యాడుపిల్లల పెండ్లిండ్లు నిలిచిపోవుననిన నెందరు నిలువగలరు? నిలిచినవారున్నారు గనుకనే పంతులుగారి జీవితకాలమున సుమారు నలువది వితంతువివాహములు జరిగెను. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పరమపదించిరి. ఆమె వండినయన్నమును తినుటయే యొకప్పుడు సంస్కారమునకు సంతకము చేయుటయై యుండెను.

అదేకాలమున, అదే గోదావరి పాయలనడుమ, లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేరొకమార్గమున నీ ప్రశ్నకే సమాధానము చెప్పుచుండిరి. ఆమె యుపన్యాసములీయలేదు, పత్రికలు నడుపలేదు. వరదలనాడైనను, అర్ధరాత్రియైనను, వచ్చినవాడెవడని యడుగక యన్నము పెట్టిరి. ఒకమారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై పల్లకిలో పోవుచుండగా, దారిలో నొక పెండ్లివారి గుంపు, ఆకలితో నేడ్చుపిల్లలకు, సీతమ్మగారి యిల్లు చేరినచో నన్నము దొరకునని యోదార్చుట యామె చెవినిబడెననియు, వెంటనే పల్లకి వెనుకకు మరల్చించి, వారికంటె ముందే యిల్లుచేరి వండి సిద్ధముగ నుండెననియు నా ప్రాంతమువారు చెప్పుకొందురు. తీర్థయాత్ర యాగినది; వంట యాగలేదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవసమయమున 1903లో నామెకు గౌరవము జరిగెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనపథకమున కామె పేరిడినది. ఆమె పెట్టిన భోజనములో నేమి వంటకములుండెనో యెవరును చెప్పుకొనరు. ఎవరిని లేదనలేదన్న మాటయే నిలిచినది.

ఇరువదవ శతాబ్దమున పంక్తి మెల్లమెల్లగా విశాలమయ్యెను. 1917లో కేరళమున చెరాయి గ్రామములో సహోదరన్ అయ్యప్పన్ మిశ్రభోజనము జరిపి, స్వకులమువారిచేతనే వెలిబడెను. మనదేశమున త్రిపురనేని రామస్వామిచౌదరిగారు తెలుగులోనే వివాహవిధిని కూర్చి, అర్థముకాని మంత్రములును అక్కరలేని వ్యయమును తగ్గింపుడనిరి. గోరాగారు సహపంక్తిభోజనములు జరిపిరి. వారి కుమార్తె మనోరమగారికిని అర్జునరావుగారికిని 1948 మార్చిలో సేవాగ్రామమున కులాంతరవివాహము నిరాడంబరముగా జరిగినది. హైదరాబాదు నగరమున మఱియొక మర్యాద వర్ధిల్లినది. ముస్లిముల యింట వలీమా విందు జరుగునపుడు, శాకాహారులైన హిందూమిత్రులకై వేఱుగా బ్రాహ్మణవంటవానిని పెట్టించి, వేఱు పాత్రలలో వండించి పెట్టుట పెక్కు కుటుంబములలో వాడుక. తాను తినునది పెట్టుట యొకయెత్తు. యితరుడు తినగలదానిని కనుగొని పెట్టుట యింకొకయెత్తు. ఈ రెండవదానిని మనము ప్రత్యేకముగ జ్ఞాపకముంచుకొనవలెను.

సముద్రము దాటినవారును పంక్తిని మరువలేదు. పందొమ్మిదవ శతాబ్దమున చెరకుతోటలపనికై మారిషసు ద్వీపమునకు పోయిన తెలుగువారును, తమిళులును పెండ్లినాడు అరటియాకులో ఏడుకూరలు వడ్డించు నాచారమును నిలుపుకొనిరి. ఓడ యెక్కినపుడు కులపుపంక్తులు చాలవరకు చెదరిపోయినవి, ఆకు మిగిలినది. ఏది విడిచిన మనము మనమైయుందుమో వారు మనకు చూపిరి.

పంక్తి విశాలమగుచుండగా నింకొక వ్యాధి ప్రవేశించినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ధాన్యమునకు పంపిణీచీట్లు వచ్చెను; 1943లో వంగదేశమున లక్షలాదిజనము కరవుచే మరణించిరి. స్వాతంత్ర్యానంతరము కూడ, ధాన్యపుకొరత కలిగినపుడు, పలురాష్ట్రములలో నతిథుల సంఖ్యను నియమించు ప్రభుత్వాజ్ఞలు వెలువడెను. ఆ భయము తీరినపిదప, తీరినదని చూపుటకో యనునట్లు, విందులు పెరిగెను. ఇంటియందు గాడిపొయ్యి త్రవ్వి, బంధువులే కూరలుతరిగి, పెదనాన్నయు మేనమామయు నడుమునకు తువ్వాలు బిగించి వడ్డించు కాలము పోయి, గుత్తదారులును, మండపములును వచ్చినవి. ఇంటి స్త్రీలకు వంటయింటి చెర తప్పినందుకు మేము సంతోషించుచున్నాము; ఆ మేలును తక్కువచేయము. కాని వంటతోపాటు విచారణను కూడ గుత్తకిచ్చివేసితిమి. పిన్నిగారు కందగడ్డ తినరని, బావగారికి నేడు ఏకాదశియని, తాతగారికి పండ్లు లేవుగాన ముద్దపప్పును మెత్తనియన్నమును వేఱుగా తీయవలెనని యెరిగిన మేనత్త వంటయింటనుండి బయటకు వచ్చినది. ఆ యెరుక గుత్తదారు పట్టికలోనికి పోలేదు. ఇరువురి నడుమ నది జారిపోయినది.

ఈ యెరుక నేడు మునుపటికంటె నధికముగా కావలసియున్నది. భారతదేశమున మధుమేహముగలవారు పదికోట్లకు పైబడి యున్నారని భారత వైద్యపరిశోధనా మండలివారు 2023లో ప్రకటించిరి. అనగా నైదువందలమంది వచ్చు పెండ్లిలో పదులకొలది జనులకు మన మిఠాయిబల్ల విషమగును. పాలుపడనివారున్నారు, గోధుమ పడనివారున్నారు, వేరుసెనగయో జీడిపప్పో తినినచో ఊపిరాడక ప్రాణాపాయము పొందువారున్నారు. ఉల్లి వెల్లుల్లి తిననివారు, దుంపలు ముట్టని జైనులు, హలాలు కాని మాంసము తినని ముస్లిములు, ఉపవాసమున్నవారు, గర్భిణులు, పసిపిల్లలు మన యాహ్వానముపైననే వచ్చుచున్నారు. వీరిలో సగముమంది మొగమాటముచే నేమియు నడుగక పండొకటి తిని, కడుపునిండినదని చెప్పి పోవుదురు. వారి యాకలి మనకు వినబడదు. ఇంకొకవైపు, 2022లో ప్రపంచమున నూటయైదుకోట్ల టన్నుల యాహారము వ్యర్థమైపోయెనని ఐక్యరాజ్యసమితి పర్యావరణసంస్థ గణించినది. ఒకే మండపములో నాకలియు వ్యర్థమును ప్రక్కప్రక్కన నుండుట మన కాలపు విచిత్రము.

అందుచేత పెండ్లి తలపెట్టిన గృహస్థులకు మేము కొన్ని మాటలు మనవి చేయుచున్నాము. శుభలేఖతోపాటు, వచ్చువారెందరు, వారు తిననివేమి, వారికి పడనివేమి యని యడిగి వ్రాసికొనుట మర్యాదయేగాని లోభము కాదు. ఆ పట్టికను గుత్తదారు చేతికిచ్చి, ప్రతి వంటకమున నేమేమి కలిసినవో తెలుగున పెద్దయక్షరములతో వ్రాయించి పాత్రముందు పెట్టింపుడు. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు, గోధుమ వీని పేరులు ముఖ్యముగా వ్రాయవలెను. పడనివాని పదార్థమునకు గరిటె వేఱు, మూకుడు వేఱు, నూనె వేఱు కావలెను. ఒకే నూనెలో వేచి వేఱుపళ్లెమున పెట్టుట మోసమగును. ఏబదింటిలో నలువదింటిని తగ్గించి, చక్కెరలేని మజ్జిగ, కారములేని పప్పు, మెత్తనియన్నము, జొన్నరొట్టెయో రాగిసంకటియో యుంచుడు. వృద్ధులకు కూర్చుండి తినుటకు పీటలును, వడ్డించుటకు మనుష్యులును కావలెను. పళ్లెము చేతబట్టి వరుసలో నిలువుమనుట వారికి శిక్ష. బంతిబంతికి యెసరు పెట్టు పాతలెక్కను మఱల తెచ్చుకొనుడు. మిగిలినదానిని చెడకముందే యనాథశరణాలయములకు పంపు నేర్పాటు పెండ్లికి ముందే చేసికొనుడు. అర్ధరాత్రి దాటినపిదప కలుగు దానబుద్ధి ఎవరికిని కడుపునింపదు. వండినవారికిని, వడ్డించినవారికిని, పాత్రలు తోమువారికిని పంక్తివేసి, ఆ యింటివారే వడ్డింపవలెను.

ఇట్లు తగ్గించినచో నలుగురును నవ్వుదురని కొందరనుకొందురు. 2020లో మహమ్మారి వచ్చినపుడు పెండ్లికి యేబదిమందికి మించరాదని ప్రభుత్వము శాసించెను. ఆ సంవత్సరము జరిగిన పెండ్లిండ్లు చెల్లలేదా? ఆ దంపతులు దంపతులు కాకపోయిరా? ఇల్లుకట్టి చూడుము, పెండ్లిచేసి చూడుము అను మాట యప్పులను తలచి పుట్టినది. ఆ మాటను మన పిల్లలకు వారసత్వముగ నిచ్చుట మనకిష్టమైన విషయము కాదుగదా.

మేము మండపమునుండి వచ్చిన రాత్రి, మేనత్తగారికి మా యింట పొయ్యి వెలిగించి, గుప్పెడు జొన్నరవ్వ యుడికించి మజ్జిగతో పెట్టితిమి. ఆమె తినుచు, తన పెండ్లిలో నైదుదినములును తన తల్లి, వితంతువగుటచే, వంటయింటినుండి బయటకు రాలేదనియు, తాళికట్టువేళ కూడ కిటికీకంతనుండియే చూచెననియు చెప్పిరి. అప్పుడామె తల్లికి చోటులేని పంక్తి, యిప్పుడామెకు ముద్దలేని పంక్తి! ఈ రెండును ఒకే దోషముయొక్క రెండు రూపములని మాకప్పుడు తోచినది. కూర్చున్న ప్రతివాని యెదుటను నిలిచి, నీకేది కావలెనని యడుగుటకు తీరికలేని పంక్తి యెంత పొడవైనదైనను పంక్తి కాజాలదు. వడ్డించువాడు అందరివాడైననాడు మొదటిబంతియు కడబంతియు నొకటియే యగును. ఆ సామెత నానాడు మన పిల్లలకు విడమరచి చెప్పవలసివచ్చును. అట్టి దినము త్వరలో వచ్చుగాక.